హై-వీ దుకాణం నుంచి సూపర్ బౌల్ దాకా: కర్ట్ వార్నర్ ప్రయాణంలో అదృష్టమెంత, సాధన ఎంత?

ప్రశ్న: మొక్కజొన్నపొలం (డి మోయిన్, అయోవా)

అందరికీ నమస్కారం. మేము పదకొండేళ్లుగా డి మోయిన్ శివారులో ఉంటున్నాము. మా అబ్బాయి హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ దాడిని నడిపేవాడు, కానీ వరుసలో మూడోవాడు. రెండేళ్లుగా వారానికి ఐదు రోజులు సాధనకు వెళ్తున్నాడు. శుక్రవారం రాత్రి మ్యాచ్ రోజున మాత్రం హెల్మెట్ చేత్తో పట్టుకుని మైదానం అంచున నిలబడి, జెర్సీకి మట్టి అంటకుండానే ఇంటికి వస్తున్నాడు. ఆ గంటలు చదువుకో, ఇంకో ఆటకో పెట్టకూడదా అని నేను అడిగినప్పుడల్లా వాడు చెప్పే పేరు ఒక్కటే, కర్ట్ వార్నర్. ఆయన కాలేజీలో ఏళ్ల తరబడి బెంచీ మీదే ఉన్నాడని, మేము వారం వారం కూరగాయలు కొనే హై-వీ దుకాణాల్లోనే ఒకదానిలో రాత్రిపూట అరల్లో సరుకులు సర్దాడని, ఆ తరువాత వృత్తి ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచాడని వాడు అప్పజెప్పినట్లు చెబుతాడు.

నాకు క్రికెట్ తెలిసినంతగా ఈ ఆట తెలియదు. అందుకే తెలిసినవారిని అడుగుతున్నాను. 1994లో ఏ జట్టూ తీసుకోని మనిషి 1999లో లీగ్ మొత్తంలో అత్యుత్తమ ఆటగాడు ఎలా అయ్యాడు? ఆ ఐదేళ్లలో ఆయన ఆటలో నిజంగా మారినది ఏమిటి? లేక మరొకరి మోకాలు విరగడం వల్ల దక్కిన అవకాశం మాత్రమేనా? అంత ఎత్తుకు వెళ్లినవాణ్ణి ఆ జట్టే మళ్లీ ఎందుకు వదిలేసింది, అలా వదిలేసిన మనిషి ముప్పై ఏడేళ్ల వయసులో మరో జట్టును సూపర్ బౌల్‌కు ఎలా తీసుకెళ్లాడు? వాడితో వాదించాలన్నా, వాడి మాట ఒప్పుకోవాలన్నా ముందు నాకు విషయం సరిగా తెలియాలి కదా.

జవాబు 1: సీడర్‌నది

మొక్కజొన్నపొలం గారూ, నేను సీడర్ ఫాల్స్‌లోని నార్తర్న్ అయోవా విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. చేశాను. వార్నర్ చదివినదీ, బెంచీ మీద కూర్చున్నదీ అక్కడే కాబట్టి మొదటి సగం గురించి నేను చెబుతాను. రెండో సగం ఈ వేదికలోనే నాకన్నా బాగా తెలిసినవారు ఉన్నారు.

ఆయన పుట్టినది 1971లో బర్లింగ్టన్‌లో, పెరిగినది సీడర్ ర్యాపిడ్స్‌లో. నార్తర్న్ అయోవా పెద్ద ఫుట్‌బాల్ విశ్వవిద్యాలయాల కోవలోనిది కాదు, అప్పట్లో వన్-డబుల్-ఏ అనే రెండో శ్రేణిలో ఆడేది. అటువంటి చోట కూడా వార్నర్ చివరి ఏడాది వచ్చేదాకా వరుసలో మూడోవాడే. 1993లో చివరికి జట్టు పగ్గాలు చేతికి వచ్చాయి, ఆ ఒక్క ఏడాదిలోనే తమ కాన్ఫరెన్స్‌లో అత్యుత్తమ దాడి ఆటగాడిగా ఎంపికయ్యాడు. అయితే ఒక్క ఏడాది ఆటను చూసి ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు డబ్బు పెట్టవు. కాలేజీ ఆటగాళ్లను ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1994లో ఏడు రౌండ్లు ముగిసినా ఆయన పేరు వినిపించలేదు.

గ్రీన్ బే ప్యాకర్స్ శిక్షణ శిబిరానికి మాత్రం పిలుపు వచ్చింది. అక్కడ అప్పటికే బ్రెట్ ఫావ్, మార్క్ బ్రూనెల్, టై డెట్మర్ ఉన్నారు. నాలుగోవాడికి సాధనలో బంతి ముట్టుకునే వంతే అరుదుగా వస్తుంది. ఒకరోజు క్వార్టర్‌బ్యాక్‌ల కోచ్ స్టీవ్ మారియుచి లోపలికి వెళ్లి ఆడమంటే, తానింకా సిద్ధంగా లేనని వార్నర్ వెనుకడుగు వేశాడు. సీజన్ మొదలుకాకముందే ఆయనను ఇంటికి పంపేశారు. మీ అబ్బాయికి ఈ ముక్క తప్పక చెప్పండి. జట్టు వ్యూహాలు రాసిన పుస్తకం పూర్తిగా బుర్రకెక్కని క్వార్టర్‌బ్యాక్‌కు మైదానంలో అడుగుపెట్టడమంటే భయమే. పదకొండు మందికీ ఏ పథకమో నోటితో చెప్పవలసినది అతడే, ఎదుటివారి అమరిక చూసి చివరి క్షణంలో దానిని మార్చవలసినదీ అతడే. ఆ రోజు వార్నర్‌లో లోపించినది చేతి బలం కాదు.

హై-వీ సంగతి ఆ తరువాతిది. సీడర్ ఫాల్స్‌కు తిరిగివచ్చి గంటకు ఐదున్నర డాలర్లకు రాత్రి షిఫ్టులో అరల్లో సరుకులు సర్దాడు, పగలు తమ విశ్వవిద్యాలయ జట్టుకే శిక్షణలో సాయపడ్డాడు. అప్పటికే ఆయన జీవితంలోకి బ్రెండా వచ్చింది. ఆమె అమెరికా మెరైన్ దళంలో పనిచేసి వచ్చిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. పిల్లల్లో పెద్దవాడికి పసితనంలో జరిగిన ప్రమాదంలో చూపు దెబ్బతిన్నది. ఆ ఇల్లు కొంతకాలం ప్రభుత్వం ఇచ్చే ఆహార కూపన్ల మీద నడిచింది. సరుకులు సర్దిన ఘట్టాన్ని అందరూ చాలా ఇష్టంగా చెప్పుకుంటారు గానీ, అది ఆయన ఆట జీవితంలో కొద్ది నెలల ముచ్చట. నిజంగా ఆయనను తయారు చేసినది దాని తరువాత వచ్చిన మూడేళ్లు, అవి మీ ఊళ్లోనే గడిచాయి.

1995లో డి మోయిన్‌లో అయోవా బార్న్‌స్టార్మర్స్ అనే అరీనా ఫుట్‌బాల్ జట్టు పుట్టింది. అరీనా ఆట పైకప్పు కింద ఆడేది. మామూలు మైదానం పొడవు వంద గజాలైతే ఇక్కడ యాభై గజాలే, పదకొండు మందికి బదులు ఎనిమిది మందే. గీతల అవతల ఖాళీ జాగా ఉండదు, మెత్తని దిండ్లు కట్టిన అడ్డుగోడలు ఉంటాయి, బంతి అందుకోబోయి వాటిని ఢీకొని ప్రేక్షకుల ఒళ్లో పడేవారు కూడా ఉంటారు. ఒక రిసీవర్‌కు, అంటే విసిరిన బంతిని అందుకునేవాడికి, బంతి ఆటలోకి రాకముందే ముందుకు పరుగెత్తుకు రావడానికి నియమాలు ఒప్పుకుంటాయి. అంటే బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికి చేరేసరికి ఆ రిసీవర్ పూర్తి వేగంలో ఉంటాడు. ఇంత ఇరుకు జాగాలో, ఇంత వేగంలో, ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి అప్పుడు విసురుదామంటే కుదరదు. మనిషి ఇంకా రాని చోటుకు, వాడు వచ్చే క్షణాన్ని లెక్కగట్టి బంతిని ముందే వదలాలి. మూడు సీజన్లు వార్నర్ చేసినది ఈ పనే. 1996లోనూ 1997లోనూ జట్టును లీగ్ ఫైనల్ అయిన అరీనా బౌల్‌కు చేర్చాడు, రెండూ ఓడిపోయాడు.

నేను చెప్పదలచుకున్నది ఇది. 1994లో గ్రీన్ బే వెళ్లిన వార్నరూ, 1997లో డి మోయిన్ వదిలిన వార్నరూ ఒకే ఆటగాడు కాదు. బంతి చేతిలో నిలిచే సమయం సగానికి సగం తగ్గిన మనిషిలా ఆడాడు. లక్ష రూపాయల విత్తు సంచి తెచ్చి ఇంట్లో పెట్టుకుంటే పంట రాదు, అదను చూసి వెదజల్లితేనే వస్తుందని మా తాతగారు అనేవారు. ఆ అదను చూడటం అరీనా ఆట నేర్పింది.

జవాబు 2: ఆర్చ్‌నీడ (సెయింట్ లూయిస్)

సీడర్‌నది గారు చక్కగా చెప్పారు. నేను వై2కే పనుల మీద 1998లో సెయింట్ లూయిస్ వచ్చాను. మరుసటి ఏడాది ఈ ఊరు ఊగిపోవడం కళ్లారా చూశాను కాబట్టి అక్కడినుంచి అందుకుంటాను.

ముందు ఒక సంగతి. అరీనా నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్‌కు ఆయన నేరుగా రాలేదు. 1997లో షికాగో బేర్స్ పరీక్షకు పిలిస్తే, పెళ్లయిన కొత్తలో విహారయాత్రకు వెళ్లిన చోట సాలీడు కుట్టి విసిరే చేతి మోచేయి వాచిపోవడంతో ఆ అవకాశం జారిపోయింది. ఆ తరువాత ఎన్‌ఎఫ్‌ఎల్ వారి యూరప్ లీగ్‌లో ఆమ్‌స్టర్‌డామ్ జట్టు కోచ్ ఆల్ లుగిన్‌బిల్ ఆయన కోసం పట్టుబట్టాడు. ఏదైనా ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు తనతో ఒప్పందం చేసుకుంటేనే యూరప్ వెళ్తానని వార్నర్ అన్నాడు, చివరికి సెయింట్ లూయిస్ ర్యామ్స్ పరీక్షించి సంతకం పెట్టించుకుంది. 1998 వసంతంలో ఆమ్‌స్టర్‌డామ్ అడ్మిరల్స్ తరఫున ఆడి, పాస్‌లతో జట్టును ముందుకు నడిపిన గజాల్లోనూ, బంతిని ఎదుటివారి చివరి గీత దాటించే టచ్‌డౌన్లలోనూ ఆ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. యాభై గజాల గదిలో నేర్చిన తొందరను వంద గజాల మైదానానికి, పదకొండు మంది ఆటకు మళ్లీ మలచుకున్నది అక్కడే. అప్పట్లో ఆ జట్టులో ఆయన వెనుక నిలబడిన బ్యాకప్ పేరు జేక్ డెలోమ్. ఆ పేరు కాస్త గుర్తుంచుకోండి, ఫీనిక్స్ మిత్రులకు అవసరమవుతుంది.

ర్యామ్స్‌లో 1998 అంతా మూడో క్వార్టర్‌బ్యాక్‌గానే గడిచింది. ఆ ఏడాది ఆయన విసిరినవి మొత్తం పదకొండు బంతులు, చేరినవి నాలుగు. 1999 ఆరంభంలో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ కొత్తగా జట్టు కట్టుకుంటున్నప్పుడు, కావాలంటే తీసుకోండి అని ర్యామ్స్ ఇచ్చిన పేర్లలో వార్నర్ పేరూ ఉంది. బ్రౌన్స్ తీసుకోలేదు. ర్యామ్స్ ట్రెంట్ గ్రీన్ అనే అనుభవజ్ఞుడైన క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకుని, జట్టునంతా అతని చుట్టూ అల్లింది.

1999 ఆగస్టు 28న, సీజన్‌కు ముందు జరిగే సన్నాహక మ్యాచ్‌లో సాన్ డియాగో ఆటగాడు రాడ్నీ హారిసన్ గ్రీన్ కాలి మీద పడ్డాడు. మోకాలి లిగమెంట్ తెగింది. మరుసటి ఉదయం ఆఫీసులో అందరి మొహాలూ శవం లేచిన ఇంట్లో ఉన్నట్లు ఉన్నాయి, ఎందుకంటే అంతకు ముందు ఏడాది ఈ జట్టు పదహారింట నాలుగే గెలిచింది. కోచ్ డిక్ వర్మీల్ కన్నీళ్లు ఆపుకుంటూ, వార్నర్ వెనుక నిలబడి మంచి ఆటే ఆడతామని విలేకరులతో అన్నాడు. ఊళ్లో ఆ మాట నమ్మినవారు చాలా తక్కువ.

ఆ తరువాత జరిగినది అంకెల్లో చెప్పడం తేలిక. మొదటి మూడు మ్యాచ్‌లలోనూ మూడేసి టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. నాలుగోది శాన్ ఫ్రాన్సిస్కోతో. అప్పటికి వరుసగా పదిహేడుసార్లు మమ్మల్ని ఓడించిన జట్టది. ఆ రోజు ఐదు విసిరాడు, అందులో నాలుగు రిసీవర్ ఐజాక్ బ్రూస్‌కే. సీజన్ ముగిసేసరికి 4,353 గజాలు, 41 టచ్‌డౌన్లు, జట్టుకు పదమూడు విజయాలు, ఆయనకు లీగ్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను: అదృష్టం ఎంత? చాలానే ఉందని నా నమ్మకం, దానిని దాచడం వల్ల ఆయన గొప్పతనం పెరగదు. అదే ఏడాది ఏప్రిల్‌లో ర్యామ్స్ మార్షల్ ఫాక్‌ను తెచ్చుకుంది. అతడు ఆ సీజన్‌లో పరుగులోనూ, పాస్‌లు అందుకోవడంలోనూ కలిపి 2,429 గజాలు సాధించి అప్పటికి రికార్డు నెలకొల్పాడు. బ్రూస్ ఉన్నాడు, డ్రాఫ్ట్‌లో ఆరోవాడుగా వచ్చిన మరో రిసీవర్ టోరీ హోల్ట్ ఉన్నాడు, ఎడమవైపు కాపుగా ఒర్లాండో పేస్ అనే కొండ ఉన్నాడు. దాడి వ్యూహాలు గీసే మైక్ మార్ట్జ్ ఉన్నాడు. మార్ట్జ్ పద్ధతిలో బంతిని రిసీవర్ మలుపు తిరగక ముందే వదలాలి. సీడర్‌నది గారు చెప్పిన అరీనా విద్యకు సరిగ్గా సరిపోయే పద్ధతి అది. వేరే కోచ్ కింద, వేరే పద్ధతిలో అయితే ఈ మనిషి పేరు మీ అబ్బాయి నోట వచ్చేదో రాదో చెప్పలేను. తలుపు తెరిచినది అదృష్టమే. కానీ ఐదేళ్ల కిందట అదే తలుపు తెరుచుకుంటే, సిద్ధంగా లేనన్నది ఆయనే.

ఒక్క ఆటను దగ్గరగా చూపిస్తాను, మీరిద్దరూ కలిసి చూడండి. 2000 జనవరి 30, అట్లాంటాలో 34వ సూపర్ బౌల్. పదహారు పాయింట్ల ఆధిక్యం కరిగిపోయి టెనెసీ టైటాన్స్‌తో 16-16 అయింది, రెండు నిమిషాల పైచిలుకే మిగిలింది. తిరిగి బంతి దొరికిన మొదటి ఆటలోనే వార్నర్ కుడి గీత వెంట బ్రూస్ కోసం దూరంగా విసిరాడు. చెయ్యి ముందుకు వస్తుండగా జెవాన్ కర్స్ వచ్చి ఢీకొట్టడంతో బంతి పోవలసినంత దూరం పోలేదు. బ్రూస్ తలెత్తి అది కురచగా వస్తున్నదని గమనించి, పరుగు తగ్గించి, వెనక్కి వంగి అందుకున్నాడు. పక్కనున్న కాపలాదారు బంతిని చూడనే లేదు. అక్కడినుంచి లోపలికి కోసుకుంటూ వెళ్లి 73 గజాల టచ్‌డౌన్. తరువాత టైటాన్స్ చివరి క్షణంలో ఒక్క గజం దూరంలో ఆగిపోయారు, మైక్ జోన్స్ కెవిన్ డైసన్ కాళ్లు పట్టేశాడు. 23-16. ఆ రోజు వార్నర్ విసిరిన 414 గజాలు అప్పటికి సూపర్ బౌల్ రికార్డు.

2001లో ఇంకా ఎక్కువ, 4,830 గజాలు, రెండోసారి అత్యుత్తమ ఆటగాడు. కానీ 22 ఇంటర్‌సెప్షన్లు, అంటే ఎదుటివారు మధ్యలో పట్టేసిన పాస్‌లు, కూడా ఇచ్చాడు. 2002 ఫిబ్రవరి 3న న్యూ ఆర్లీన్స్‌లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ చేతిలో 20-17తో ఓడిపోయాము. టై లా ఆయన బంతిని మధ్యలో పట్టి 47 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేయడం నేను ఇప్పటికీ మళ్లీ చూడలేను. అటువైపు ఆడిన టామ్ బ్రేడీ కూడా గాయపడ్డవాడి స్థానంలో వచ్చినవాడే అన్నది మరో విషయం.

పతనం ఎందుకంటే, నా దృష్టిలో చేతులే కారణం. 2000లో విసిరే చేతి వేలు విరిగింది, 2002లో మళ్లీ అదే చెయ్యి. ఆ ఏడాది ఆయన మొదలుపెట్టిన ఆరు మ్యాచ్‌లూ ఓడిపోయాము, మూడు టచ్‌డౌన్లు, పదకొండు ఇంటర్‌సెప్షన్లు. అదే జట్టుతో మార్క్ బల్జర్ గెలుపులు అందుకున్నాడు. 2003 మొదటి మ్యాచ్‌లో ఆరుసార్లు బంతి చేజార్చాడు, తలకు దెబ్బ కూడా తగిలింది. ఆ తరువాత ఆయన బల్జర్ వెనుక బ్యాకప్. 2004 జూన్‌లో ర్యామ్స్ వదిలేసింది. ఒకప్పుడు మరొకరి మోకాలు విరిగి తాను ఎలా లోపలికి వచ్చాడో, అదే తీరున తన వేలు విరిగి మరొకరు లోపలికి వచ్చారు. ఈ ఆటలో బెంచీకీ మైదానానికీ మధ్య దూరం అంతే.

జవాబు 3: హడ్సన్‌దరి

న్యూయార్క్ జెయింట్స్ భాగం చిన్నది కాబట్టి త్వరగా చెబుతాను. 2004లో మా జట్టు డ్రాఫ్ట్‌లో మొదటి స్థానంలో ఎంపికైన ఈలై మానింగ్‌ను తెచ్చుకుని, అతడు కుదురుకునేదాకా కుర్చీ కాపాడటానికి వార్నర్‌ను పిలిచింది. తొమ్మిది మ్యాచ్‌లు ఆడించింది, ఐదు గెలిచాడు, నాలుగు ఓడాడు. గెలుపులే ఎక్కువగా ఉన్న సమయంలో ఆయనను పక్కనబెట్టి కుర్రవాణ్ణి దించారు. అప్పుడు నాకు బాధ కలిగింది. ఇప్పుడు చూస్తే జట్టు తన భవిష్యత్తు తాను చూసుకుంది, వార్నర్ కూడా బహిరంగంగా ఎవరినీ నిందించకుండా మిగిలిన మ్యాచ్‌లలో కుర్రవాడికి సాయపడ్డాడు. ముప్పై మూడేళ్ల వయసులో, రెండు పెద్ద పురస్కారాల తరువాత, అది ఎంత కష్టమో ఉద్యోగంలో తన కిందివాడికి కుర్చీ అప్పగించినవారికి తెలుస్తుంది.

జవాబు 4: కాక్టస్‌నీడ (ఫీనిక్స్)

ఆర్చ్‌నీడ గారితో ఒక చోట విభేదిస్తున్నాను. చేతులు ఒక కారణమే, కానీ మొత్తం కాదు. మార్ట్జ్ పద్ధతిలో పాస్ అందుకోగల ఐదుగురినీ ముందుకు పంపేసి క్వార్టర్‌బ్యాక్‌ను దాదాపు ఒంటరిగా నిలబెట్టేవారు. ఆయన పరుగెత్తి తప్పించుకునేవాడు కాదు, చివరి క్షణందాకా నిలబడి దెబ్బ తింటూ విసిరేవాడు. అటువంటి ఆటగాడికి ముందువరుస కాపు కాస్త సడలినా బంతి చేజారుతుంది. తరువాత అరిజోనాలోనూ ఆ బలహీనత పూర్తిగా పోలేదు కాబట్టి, దానిని గాయాలకు మాత్రమే అంటగట్టలేము.

2005లో కార్డినల్స్ ఆయనను తీసుకున్నప్పుడు మా జట్టు పరిస్థితి ఏమిటో చెప్పాలి. చివరిసారి లీగ్ టైటిల్ గెలిచినది 1947లో, అదీ షికాగోలో ఉండగా. తరువాత సెయింట్ లూయిస్‌కు వెళ్లి, 1988లో ఇక్కడికి వచ్చిన జట్టు ఇది. వార్నర్ వచ్చిన మరుసటి ఏడాదే మ్యాట్ లైనార్ట్ అనే కుర్రవాణ్ణి డ్రాఫ్ట్‌లో పదోవాడుగా తెచ్చుకున్నారు. అంటే న్యూయార్క్ కథే మళ్లీ మొదలు. ఈసారి మాత్రం గాయం రెండోవైపు పడింది. 2007 అక్టోబరులో లైనార్ట్ కాలర్ ఎముక విరిగింది. మరుసటి వారమే వార్నర్ ఎడమ మోచేతి లిగమెంట్ దెబ్బతింది. గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే. పట్టీ కట్టుకుని ఆడుతూ ఆ సీజన్‌లో 27 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు.

నేను దగ్గరగా గమనించిన ఒక చిన్న సంగతి ఆయన చేతులకు వేసుకున్న తొడుగులు. క్వార్టర్‌బ్యాక్‌లు సాధారణంగా చలికాలంలో తప్ప వేసుకోరు, విసిరే చేతికైతే మరీ అరుదు. ఎన్నోసార్లు దెబ్బతిన్న వేళ్లకు పట్టు దొరకాలని వార్నర్ ఎడారి ఎండలో, పైకప్పు మూసిన మైదానంలో కూడా రెండు చేతులకూ వేసుకుని ఆడాడు. చూసేవారికి వింతగా ఉండేది. బంతి మాత్రం మునుపటిలా గిరగిరా తిరుగుతూ వెళ్లేది. తన శరీరంలో పాడైన భాగమేదో కచ్చితంగా గుర్తించి దానికి మందు వేసుకున్న పనిమంతుణ్ణి నేను అక్కడ చూశాను.

2008లో కోచ్ కెన్ విజెన్‌హంట్, లక్షల డాలర్ల లైనార్ట్‌ను కాదని ముప్పై ఏడేళ్ల వార్నర్‌కే పగ్గాలిచ్చాడు. జట్టు తొమ్మిది గెలిచి ఏడు ఓడి, సీజన్ చివర జరిగే నాకౌట్ పోటీలైన ప్లేఆఫ్‌లోకి ఎలాగో వచ్చింది. డిసెంబరులో మంచులో పేట్రియట్స్ చేతిలో 47-7 తేడాతో ఓడిన జట్టు అది, మాలో చాలామంది ఆశ వదులుకున్నాము. తరువాత అట్లాంటా, కరోలైనా, ఫిలడెల్ఫియా వరుసగా ఓడిపోయాయి. కరోలైనా తరఫున ఆడినది ఆర్చ్‌నీడ గారు గుర్తుంచుకోమన్న జేక్ డెలోమ్. పదేళ్ల కిందట ఆమ్‌స్టర్‌డామ్‌లో వార్నర్ వెనుక నిలబడిన ఆ మనిషి ఆ రాత్రి ఐదు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, అదీ తన పుట్టినరోజు నాడు. మా జట్టు గెలిచినా నాకు అతణ్ణి చూస్తే జాలి కలిగింది. ఒకే పడవలో బయలుదేరిన ఇద్దరి ప్రయాణాలు అలా ఎదురుపడ్డాయి.

2009 ఫిబ్రవరి 1న టాంపాలో 43వ సూపర్ బౌల్. మొదటి సగం చివరి ఆటలో, గోల్ ముంగిట వార్నర్ విసిరిన బంతిని పిట్స్‌బర్గ్ ఆటగాడు జేమ్స్ హారిసన్ పట్టి వంద గజాలూ పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. అంతటితో చేతులెత్తేయవలసిన జట్టు నాలుగో భాగంలో పుంజుకుంది. మా రిసీవర్ లారీ ఫిట్జ్‌జెరాల్డ్ పాస్ అందుకుని 64 గజాల టచ్‌డౌన్ చేసినప్పుడు ఆధిక్యం మాదే. ముప్పై అయిదు సెకన్లు మిగిలి ఉండగా పిట్స్‌బర్గ్ రిసీవర్ సాంటోనియో హోమ్స్ మూలలో కాలివేళ్ల మీద నిలిచి పట్టిన బంతి ఆ ఆశ తీసేసింది. 27-23. వార్నర్ ఆ రోజు విసిరినది 377 గజాలు. ఆయన రిటైరయ్యేనాటికి ఒక సూపర్ బౌల్‌లో అత్యధికంగా విసిరిన మొదటి మూడు లెక్కలూ ఆయనవే: 414, 377, 365. అందులో రెండు ఓటముల్లో వచ్చినవి.

నన్ను అడిగితే ఆయన జీవితంలో అత్యుత్తమ ఆట సూపర్ బౌల్ కాదు. 2010 జనవరి 10న ప్లేఆఫ్‌లో, ఒకప్పుడు తనను ఇంటికి పంపిన గ్రీన్ బే జట్టు మీద ఆడినది. 33 బంతులు విసిరితే 29 చేరాయి, ఐదు టచ్‌డౌన్లు. అంటే నేలపాలైన బంతులకన్నా టచ్‌డౌన్లే ఎక్కువ. అదనపు సమయంలో 51-45తో గెలిచాము. ఆ వారం తరువాత న్యూ ఆర్లీన్స్‌లో ఒక ఇంటర్‌సెప్షన్ తరువాత బాబీ మక్రే ఆయనను గట్టిగా పడగొట్టాడు. జట్టు ఓడింది, కొద్ది రోజులకే రిటైరవుతున్నట్లు ప్రకటించాడు. 2017లో ప్రొ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. అరీనా ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అంతకు ముందే ఉన్నాడు.

మొక్కజొన్నపొలం గారూ, మీ అబ్బాయి విషయంలో ఒక్క మాట, తండ్రిగా చెబుతున్నాను. అరీనా లీగ్‌లోనూ యూరప్‌లోనూ వార్నర్‌తో పాటు ఆడి, అదే ఆశతో ఎదురుచూసి, ఏ మోకాలూ విరగక ఇంటికి వెళ్లినవారు వందల్లో ఉన్నారు. ఈ కథ ఎవరికీ హామీ పత్రం కాదు. కాబట్టి "వార్నర్ అయ్యాడు కదా" అన్నది వాడి వాదన అయితే అది బలహీనమైనది. "నాకు ఈ పని నేర్చుకోవడం ఇష్టం" అన్నది వాడి వాదన అయితే దానికి వార్నర్ సాయం అక్కరలేదు.

మొక్కజొన్నపొలం:

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. ఇంత ఓపికగా రాస్తారని నేను అనుకోలేదు. కాక్టస్‌నీడ గారి చివరి మాట వాడికి అలాగే చదివి వినిపించాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, గ్రీన్ బేలో ఆయన సిద్ధంగా లేనన్న సంగతి తనకు తెలియదని మాత్రం అన్నాడు. వెళ్లి వాళ్ల జట్టు వ్యూహాల పుస్తకం తీసుకొచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. అందులో ఎన్ని తనకు నోటికి వచ్చునో నన్ను అడగమన్నాడు. నేను బొమ్మ చూపిస్తూ పేరు చదివితే, ఎవరెవరు ఎటు పరుగెత్తాలో వాడు చెప్పాలి. మొదటి ఇరవై తడుముకోకుండా చెప్పాడు, ఆ తరువాత కొన్నింటి దగ్గర ఆగాడు.

రాత్రి భోజనాలయ్యాక ఆర్చ్‌నీడ గారు చెప్పిన 73 గజాల ఆటను ముగ్గురమూ నాలుగైదుసార్లు చూశాము. నేను వార్నర్‌నే చూస్తున్నాను. మా అబ్బాయి తెర మీద వేలు పెట్టి, "అటు కాదు నాన్నా, బ్రూస్ భుజాన్ని చూడు, బంతి కురచైందని అతనికి ఎక్కడ తెలిసిందో అక్కడ తిరిగింది," అన్నాడు. వచ్చే శుక్రవారం మ్యాచ్‌కు నేనూ వెళ్తున్నాను.